ఒక సైజు పెద్దది

మా అత్తగారింట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటారు. పిల్లాడి చెప్పులైతే ‘ఎదుగుతాడు కదా’ అంటారు, సరే. ముప్ఫై దాటిన మా ఆయన చొక్కాకీ అదే మాట. పెళ్ళిచూపులకి ఆయన వేసుకొచ్చిన చొక్కా భుజాలు మోచేతుల దాకా జారి ఉంటే, పాపం ఈ మధ్యే జ్వరపడి లేచినట్టున్నాడు అని జాలిపడ్డాను. అది జ్వరం కాదు, ఆ ఇంటి పద్ధతి అని తర్వాత తెలిసింది. ఆ పద్ధతి వల్ల, దానికి తోడు నా తెలివి వల్ల, ఒకసారి మా ప్రాణాలు పోయినంత పనైంది.

మాది ధవళేశ్వరం. మా ఆయన నీటిపారుదల ఆఫీసులో చేస్తారు. గోదావరి మట్టం ఎంతుంది, ఏ కాలవకి ఎంత వదిలారు అని లెక్కతప్పకుండా రాసే ఉద్యోగం. బాబు పుట్టినప్పుడు నాకు పెద్దాపరేషనై రక్తం బాగా పోయింది. ఇంటికి పంపే రోజు రాజమండ్రి డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, “రెండేళ్ళ దాకా ఇంకో కాన్పు మాటెత్తకండి. ఈలోపు వస్తే ఈ అమ్మాయి ప్రాణానికి నేను హామీ ఇవ్వలేను” అన్నారు. నా బీపీకి గర్భం రాకుండా వేసుకునే మాత్రలు పడవన్నారు. కాపర్-టి పెడితే రక్తస్రావం ఎక్కువై తీసేశారు. మిగిలిన ఉపాయం మగవాడు చూసుకోవాల్సింది. ఆ మగవాడేమో మా ఆయన.

ఊళ్ళో మందుల కొట్టు మా ఆయన మేనమామది. నాకు వరసకి బాబాయ్‌గారు. భార్య పోయి చాలా ఏళ్ళయినా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కొట్లో దేవుడి పటాల పక్కనే ఆవిడ ఫొటో ఉంటుంది. మనిషి పెద్ద మాటకారి కాదు. మావాళ్ళలో ఒక కట్టుబాటుంది. సొంతవాళ్ళ కొట్టుండగా బయట కొనకూడదు. చేతిలో ఇంకో కొట్టు సంచి కనిపించిందా, “ఏం, మన దగ్గర దొరకలేదా?” అని నెల్లాళ్ళు మూతి ముడుచుకుంటారు. అంచేత మా ఆయన ఊళ్ళో ఇంకో కొట్టుకి పోలేరు, మేనమామని అడగనూ లేరు.

ప్రయత్నించలేదని మాత్రం అనను. వారానికి రెండుసార్లు ధైర్యం కూడగట్టుకుని వెళ్ళేవారు. వెళ్ళి తలనొప్పి బామ్ కొనుక్కొచ్చేవారు. చూస్తూండగానే అలమరలో పదకొండు సీసాలు పోగయ్యాయి.

“ఏవండీ, వీధి మొత్తానికి ఒకేసారి తలనొప్పొచ్చినా మనం ఆదుకోగలం” అన్నాను.

“నవ్వకే. అక్కడ కూర్చున్నది మా మావయ్య. ఏమని అడగను?” అన్నారు.

చివరికి ఆఫీసు పని మీద కాకినాడ వెళ్ళినప్పుడు, ఎవరూ ఎరగని కొట్లో కొని, టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టి తెచ్చారు. పులిహోర వాసనతో వచ్చాయి మా ఇంటికి మొట్టమొదటి కండోములు.

వాడిన మర్నాడే నాకు దురద, మంట. ఎర్రగా కందిపోయి రెండ్రోజులు సరిగ్గా కూర్చోలేకపోయేదాన్ని. చెప్పడానికి సిగ్గేసి, నడుం నొప్పనో, పిల్లాడు లేస్తాడనో ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేదాన్ని. ఆయన మొహం చిన్నబోయేది. ఒకరోజు భోజనం చేస్తూ కంచంలోకి చూస్తూనే, “నేనంటే విసుగొచ్చిందా నీకు?” అన్నారు. అప్పుడు చెప్పాను.

అంతా విని చాలాసేపు ఆలోచించారు. “బిగువై ఒరుసుకుంటోందేమోనే. ఈసారి ఒక సైజు పెద్దది తెస్తాను” అన్నారు. పెరిగిన ఇంటి బుద్ధి ఎక్కడికి పోతుంది? మళ్ళీ కాకినాడ, మళ్ళీ క్యారేజీ. డబ్బా మీద ‘లార్జ్’ అని కనపడగానే వేలితో చూపించి తెచ్చేశారట. దాని పరిస్థితి అచ్చం పెళ్ళిచూపుల చొక్కా పరిస్థితే. నిలవదు. ఆయన సర్దుకోవడం, నేను మొహం తిప్పుకుని నవ్వాపుకోవడం. “పోనీలెండి, ఎదుగుతారు” అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మంట మాత్రం తగ్గలేదు. అప్పుడు నా తెలివి బయటికొచ్చింది. మా పుట్టిల్లు కోనసీమ. దెబ్బ తగిలినా, పసిపిల్లలకి ఒళ్ళు పొడిబారినా, తలుపు కిర్రుమన్నా మాకు కొబ్బరినూనే. తోటలో కాయ, గానుగలో ఆడించిన నూనె, దీన్ని మించిన మందు లేదు అని నేనే చిన్న గిన్నెలో పోసి ఇచ్చాను. ఆయన తప్పు ఇంత సాగదీసి చెప్పినదాన్ని, నా తప్పు మింగేస్తే బాగుండదు. ఆ నూనెకి అది చిరిగిపోయింది.

రెండు వారాలకి రావాల్సిన నెలసరి రాలేదు. ఇంకో వారం చూశాం. ఆ వారంలో నేను ఆయన్ని ఒక్క మాటా ఆటపట్టించలేదు. ఆఫీసు నుంచి ఫోన్ చేసి “ఏమైనా...?” అనేవారు. “లేదండి” అనేదాన్ని. అవతల ఆయన ఊపిరి వినపడేది, ఫోన్ పెట్టేసేవారు కాదు. పాలు తాగుతున్న పిల్లాడి మొహం చూస్తే భయమేసేది. నేను పోతే వీడికి నేను గుర్తు కూడా ఉండను కదా అనిపించేది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పరీక్ష చేసి, గర్భం లేదు, నీరసానికి ఆలస్యమైంది అన్నారు. అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను. ఏడుపు ఆగకముందే చీవాట్లు మొదలయ్యాయి.

“చిరిగిన రోజే ఎందుకు రాలేదు? మూడు రోజుల్లోపు వేసుకునే మాత్ర ఉంటుంది. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. మూడు వారాలు ఏం చేశారు?”

ఇద్దరం తలొంచుకున్నాం. నూనె సంగతి చెబితే ఆవిడ తల పట్టుకున్నారు. “అది రబ్బరమ్మా. నూనె తగిలితే నిమిషాల్లో మెత్తబడి చిరుగుతుంది. కావాలంటే నీళ్ళతో చేసిన జెల్ దొరుకుతుంది, అది వాడండి. బుడగలు ఊదితే నీకు పెదాలు దురదపెడతాయా?”

బాబు బారసాలకి బుడగలు ఊది మూతి వాచి, ఫొటోల్లో కొంగు అడ్డం పెట్టుకున్నది నేనే. అయితే నాకు రబ్బరు పడదన్నమాట. రబ్బరు లేనివి కూడా ఉంటాయని, డబ్బా మీద పాలీయురిథేన్ అని రాసి ఉంటుందని చెప్పి చీటీ రాశారు. ఆ తర్వాత మా ఆయన వైపు తిరిగారు.

“సైజంటే పొడుగు కాదండి, వెడల్పు. డబ్బా మీద మిల్లీమీటర్లలో ఉంటుంది. ఇంటి దగ్గర చుట్టుకొలత తీసుకోండి. అందులో సగం కన్నా కాస్త తక్కువున్నది మీ సైజు. వదులైతే జారుతుంది, మరీ బిగువైతే చిరుగుతుంది.”

ఆయన ఆఫీసు నోటుబుక్కు తీసి ఇదంతా రాసుకున్నారు. రోజూ గోదావరిని కొలిచే మనిషికి ఇంట్లో కొలత తీసుకోవాలని ఇన్నాళ్ళూ తోచలేదు. ఇంటికొచ్చి నా కుట్టుమిషను టేపు అడిగి పట్టుకెళ్ళి తలుపేసుకున్నారు. బయటికొచ్చి, పరీక్ష తప్పినవాడిలా “మామూలు సైజేనే” అన్నారు.

“సంతోషమే కదండీ. మీ ఇంట్లో మొదటిసారి సరిపోయే వస్తువు కొనబోతున్నాం.”

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రబ్బరు లేనిది కాకినాడలోనూ దొరకలేదు. తెప్పిస్తాం, పేరూ ఫోన్ నంబరూ చెప్పండి అన్నారట. పేరనగానే ఈయన పారిపోయి వచ్చేశారు. ఆన్‌లైన్‌లో పెడదామంటే ఇంటికొచ్చిన పార్సిలు విప్పేది మా అత్తగారు. నాకు ఒళ్ళు మండింది. ఇది నా ప్రాణం, సిగ్గు ఈయనదా అనుకుని, మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేని వేళ చూసి చీటీ పట్టుకుని నేనే వెళ్ళాను.

“బాబాయ్‌గారూ, ఇది తెప్పించాలండి” అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నేను బరువు తూచే మిషను వైపు చూస్తూ నిలబడ్డాను.

“డాక్టరమ్మ ఎన్నాళ్ళు ఆగమందమ్మా?”

“రెండేళ్ళండి.”

చీటీని జాగ్రత్తగా మడిచారు. “మీ పిన్నికి మూడేళ్ళు చెప్పారు. ఇవన్నీ ఇదే అరలో ఉండేవి. ఊరందరికీ కాగితంలో చుట్టి నా చేత్తో ఇచ్చేవాణ్ణి. ఇంట్లో మా అమ్మ చూస్తే ఏమనుకుంటుందోనని ఒక్క డబ్బా జేబులో వేసుకెళ్ళలేకపోయాను” అన్నారు. ఫొటో వైపు చూడలేదు. “రెండో కాన్పు తట్టుకోలేకపోయింది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది.”

ఫొటో వైపు నేను చూశాను.

“వాడికి తలనొప్పి లేదని నాకు తెలుసమ్మా. అడుగుతాడులే అని చూశాను. పెద్దవాణ్ణి, నేనే అడగాల్సింది. శుక్రవారానికి వస్తాయి. వాణ్ణి పంపు. నోరు తెరిచి అడగమను.”

ఇంటికొచ్చి ఈ మాటలు మా ఆయనకి చెప్పాను. శుక్రవారం ఆఫీసు నుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళారు. అడిగారు. క్యారేజీలో దాచకుండా చేత్తో పట్టుకుని వీధిలో నడిచొచ్చారు. ఆ నెల నుంచి మంటా లేదు, వంకలూ లేవు. బామ్ సీసాలు మాత్రం ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి.

బాబుకి నాలుగేళ్ళు నిండాక మాకు అమ్మాయి పుట్టింది. డాక్టరమ్మ సరేనన్నాకే. దాన్ని మొదటిసారి కొట్టుకి తీసుకెళ్ళిన రోజు, కౌంటరు దగ్గర జనం ఉన్నా బాబాయ్‌గారు లేచొచ్చి పిల్లని చేతుల్లోకి తీసుకున్నారు. తీసుకుని మాకెవరికీ ఏమీ చెప్పకుండా పిన్ని ఫొటో దగ్గరికి వెళ్ళి, ఆవిడకి కనిపించేలా పైకెత్తి పట్టుకున్నారు.