మూడో పేజీలో పడవ

ఈ కబురు నాకు మొదట తెచ్చింది సుగుణమ్మ గారు. మా చర్చిలో తెలుగు పూజకి వచ్చే వాళ్లలో పెద్దావిడ. కిందటి శీతాకాలం కొడుకు కుటుంబంతో ఇటలీ యాత్రకి వెళ్లి వచ్చారు. వచ్చాక మొదటి ఆదివారం గుడి బయట కారు తలుపు తీయబోతుంటే నా చెయ్యి పట్టుకుని, "మేరీ, మీ చెల్లెల్ని చూశానే. మిలాన్‌కి పైన ఒక సరస్సు ఉంది కదా, ఆ ఒడ్డున కొండమీద ముసలివాళ్ల ఆశ్రమంలో పనిచేస్తోంది. నా చీర చూసి తనే వచ్చి తెలుగులో పలకరించింది" అన్నారు. గొంతు తగ్గించి, "కళ్లు బాగా తగ్గాయి. ఎడమ కంట్లో వెలుగొక్కటే తెలుస్తుందిట. కుడిది కూడా ఎన్నాళ్లో చెప్పలేమన్నారుట" అన్నారు.

చెల్లెలంటే చిట్టి. కన్యాస్త్రీలలో చేరాక సిస్టర్ రోజలిన్. మేమిద్దరం బడి గడప తొక్కలేదు. గుంటూరు జిల్లాలో చర్చి ఉపదేశిగా ఊరూరా తిరిగే మా నాన్న మాకు ఇంట్లోనే చదువు చెప్పాడు. నేను పెళ్లయి అమెరికా వచ్చాను, అది మఠం పంపిన చోటికల్లా వెళ్లింది. చూసుకుని పదకొండేళ్లు. కంటి సంగతి ఫోన్‌లో ఒక్కసారీ చెప్పలేదు. ఆ రాత్రి అడిగితే, "చెప్తే నువ్వు ఏడుస్తావు, నేను ఇక్కడ వంట మాడ్చుకుంటాను" అంది.

దానికి చూపు ఉండగా ఒకసారి కనబడాలి. నాకు కావలసిందల్లా అంతే. ఆశ్రమంలో బయటివాళ్లని రానిచ్చేది నెలకొక ఆదివారం. పొద్దున మిలాన్‌లో బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావాలి. నాది ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి వీసా కావాలి. వీసాకి ఏ రోజు ఎక్కడ ఉంటానో, ఏ రైలెక్కుతానో కాగితం మీద పెట్టాలి. ఈ మాట అనగానే మావాళ్లందరూ ఒకటే పేరు చెప్పారు, వరప్రసాద్ గారు.

షికాగో పక్కన మా షామ్‌బర్గ్‌లో మన వాళ్లలో ఎవరు యూరప్ వెళ్లినా ఆయన చేసిన ప్లానే పెడతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలభై ఐదేళ్లుంటాయేమో. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. ఏమీ తీసుకోని మనిషంటే నాకు మొదటినుంచీ అనుమానమే. పైగా వెళ్లొచ్చిన వాళ్లని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు: రైలు ఎన్నింటికి కదిలింది, పడవలో ఎటువైపు ఎండ పడింది, రేవు దగ్గర బెంచీ ఉందా. ఇవన్నీ ఈయనకెందుకు? పడవల వాళ్లతో ఏమైనా లాలూచీ ఉందా? రెండేళ్ల కిందట మా చెల్లెలి పేరు చెప్పి ఎవరో మెసేజ్ పెట్టి నన్ను నిలువునా ముంచారు. అప్పట్నుంచి మంచితనం ఎదురైతే చాలు, నేను వెనక్కి తిరిగి చూసుకుంటాను.

అపాయింట్‌మెంట్ బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి, షికాగో డౌన్‌టౌన్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే ఆఫీసులో. మంగళవారం సాయంత్రం వరప్రసాద్ గారు ఒక ఫైలు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయారు. నేను చదువుతానంటే మా ఆయన జోసెఫ్, "ఆయన ఎంతమందికి చేశాడు, నీదొక్కటే తప్పుతుందా? పడుకో" అన్నారు. పడుకున్నాను. అదే నా తప్పు.

ఈ దారిన వెళ్లేవాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను. షామ్‌బర్గ్ స్టేషన్‌లో 7:12 రైలెక్కాను. టికెట్ ముందురోజే ఫోన్‌లో కొని పెట్టుకుంటే నయం. మేడ రైలు, పైన ఒంటి సీట్లుంటాయి. పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి నాకు అవే ఇష్టం. సంచిలో పాస్‌పోర్టు, ఫైలు, మధ్యాహ్నానికి కారప్పొడి వేసిన నాలుగు ఇడ్లీలు. సంచి పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. క్షేమంగా రైలెక్కడం కూడా చిన్న మేలు కాదు.

ఫైలు తీశాను. కాగితాన్ని రెండుసార్లు చదవమని నాన్న చెప్పేవాడు. ఒకసారి రాసినవాడి కోసం, ఒకసారి నీకోసం. మొదటి పేజీలో నా పేరు, విమానం. రెండో పేజీలో మిలాన్‌లో లాడ్జి. మూడో పేజీలో ఆదివారం: మిలాన్ సెంట్రల్‌లో 8:20 రైలు, ఎడమవైపు కిటికీ సీటు పట్టుకోవాలి, కాగితం టికెట్టయితే ఎక్కేముందే మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, 9:25కి సరస్సు ఒడ్డున చిట్టి ఉండే వరెన్నా, అక్కణ్ణించి రేవుకి నడక, పడవ. ఎంత శ్రద్ధగా రాశారో అనుకుంటూ కిందికి వచ్చాను. 'పడవలో రెండు సీట్లు. ప్రయాణికులు: వరప్రసాద్, స్టెల్లా.'

స్టెల్లా ఆయన భార్య. రెండోసారి చదివాను, నాకోసం. పేర్లు మారలేదు.

నా దరఖాస్తులో ఈ దంపతులేమిటి? నా వెనకాల వాళ్లు కూడా వీసా తెచ్చుకుందామనా? రేపు వాళ్లు అక్కడ దిగి తిరిగి రాకపోతే పూచీ నాదవుతుందా? ఇందుకేనా ఊరికే చేసిపెట్టేది? రైలు వెళుతున్నంతసేపూ ఇవే ఆలోచనలు.

ముందు సీటులో ఒక అమెరికన్ పెద్దావిడ, తెల్ల జుట్టు, మాటిమాటికీ వెనక్కి తిరిగి నా కాగితాల వంక చూస్తోంది. ఫైలు మూసేశాను. ఆవిడ నవ్వి, "ఆ సరస్సుకే? నేను మావారితో వెళ్లాను. రైల్లో ఎడమవైపు కూర్చో తల్లీ, నీళ్లు అటే కనిపిస్తాయి" అంది ఇంగ్లీషులో.

థాంక్స్ చెప్పి ఫైలు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను. ఎడమవైపన్న మాట మాత్రం కలిసింది.

8:09కి యూనియన్ స్టేషన్. నది దాటి పది నిమిషాల నడక, ఏప్రిల్ అయినా గాలి చెవులు కోసేస్తోంది. భవనం కింద గార్డు సంచి తెరిపించి, ఇడ్లీ డబ్బా మూత తీసి, కారప్పొడిని చాలాసేపు చూశాడు. "ఈ ఎర్ర పొడి ఏంటి?"

"మిరపకాయలు."

"మొత్తం మిరపకాయలేనా?"

"కొంచెం వెల్లుల్లి."

డబ్బా తన బల్ల కింద పెట్టుకున్నాడు. నేను లోకాన్ని చూసే చూపుతో లోకం నన్ను చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తిండి తీసుకెళ్లేవాళ్లు తెలుసుకోండి, పైకి పంపరు.

పదింటికి నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు. లోపలి అమ్మాయి కళ్లజోడు సర్దుకుని కాగితాలు ఒక్కొక్కటీ తిప్పింది. మూడో పేజీ దగ్గర ఆగింది. పేర్లున్న పేజీ ఇవ్వకుండా దాచేద్దామా అని రైల్లో అనుకోకపోలేదు. దాస్తే ఆ ఆదివారం ప్రయాణమే కాగితాల్లో ఉండదు, చెరిపితే అబద్ధం.

"ఎంతమంది వెళుతున్నారు మేడమ్?"

"నేనొక్కదాన్నే."

"పడవలో ఇద్దరున్నారు. ఇద్దరిలో మీరు లేరు." మళ్లీ పైనుంచి చదివి, "ఈ ప్లాన్ నాకు తెలుసు. మీ వైపు నుంచి చాలామంది తెస్తారు. ఐస్‌క్రీమ్ కొట్టు ఏ వీధిలో ఉందో నాకు నోటికొచ్చేసింది. వీళ్లెవరు?" అంది.

వరప్రసాద్ గారి నంబరు కోసం ఫోన్ తీశాను. ఆ అమ్మాయి పేజీ తీసి నా చేతికిచ్చింది. "ఇది ఇలా పంపితే కాన్సులేట్ వాళ్లకి అనుమానం వస్తుంది. పదకొండున్నర లోపల సరిచేసి తెండి. చేత్తో రాసినా పరవాలేదు. నిజం రాయండి, అంతే." తిరిగి అపాయింట్‌మెంట్ కావాలంటే ఆరు వారాలట. అప్పటికి నేను వెళ్లాలనుకున్న ఆదివారం దాటిపోతుంది. ఇంకో నెలకి చిట్టి కుడి కన్ను ఉంటుందో లేదో.

వరండాలో నిలబడి వరప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉన్నారు. నా గొంతులో కోపం దాచుకోలేదు.

"వరప్రసాద్ గారూ, నా కాగితాల్లో మీ పేర్లేంటండీ?"

"ఏ పేర్లక్కా?"

"మూడో పేజీ. పడవ. మీరూ స్టెల్లా."

అటువైపు తలుపు మూసిన చప్పుడు. తర్వాత మెల్లిగా, "తీసేయడం మర్చిపోయానక్కా. క్షమించండి. ఆ ప్లాన్ మాదే. మొదట మాకోసం చేసుకున్నదే. ఎవరైనా అడిగితే మా పేర్లు తీసేసి, వాళ్లవి పెట్టి ఇస్తాను. ఈసారి కింద రెండు ఉండిపోయినట్టున్నాయి."

"మీకోసం చేసుకుంటే మీరెందుకు వెళ్లలేదు?"

"మా అమెరికా వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో అయిపోయిందక్కా. గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నాం. బయటికెళితే మళ్లీ స్టాంపింగ్ వేయించుకుని రావాలి. వేయకపోతే పిల్ల ఇక్కడ, మేమక్కడ. ఏటా డేట్లు మారుస్తాను. స్టెల్లా అడుగుతుంది, ఈ ఏడు ఏ తారీఖు పెట్టావని. ఏదో ఒకటి చెప్తాను." చిన్నగా నవ్వారు. "మీకు ఇబ్బంది పెట్టాను. ఇప్పుడే కొత్తది చేసి మెయిల్ చేయనా?"

"వద్దు. చేత్తో రాస్తాను."

నాకు వెంటనే నమ్మకం కుదిరిందని చెప్పను. ఫోన్ పెట్టేశాక కూడా, ఇంత బాగా చెప్పిన మాటలో ఎక్కడైనా కన్నం ఉందా అని వెతికాను. అప్పుడు గుర్తొచ్చాయి, ఆయన వేసే ప్రశ్నలు. ఎండ ఎటువైపు. బెంచీ ఉందా. ఆ కన్నం నాలోనే ఉంది.

కుర్చీలో కూర్చుని తెల్లకాగితం మోకాళ్ల మీద పెట్టుకున్నాను. రైలు, ఎడమ సీటు, ముద్ర, నడక, అన్నీ ఆయన రాసినట్టే రాశాను. పడవ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఒక సీటా, రెండా? చిట్టికి ఫోన్ చేశాను. మాకు పదీ ముప్ఫై, అక్కడ సాయంత్రం ఐదున్నర.

"ఆ ఆదివారం నాతో పడవెక్కుతావా?"

"వీసా ఆఫీసులో కూర్చుని పడవ షికార్లు మాట్లాడుతున్నావా నువ్వు? ముందు వీసా రానీ."

"పడవ తేలితేనే వీసా. ఎక్కుతావా లేదా?"

"ఇన్నాళ్లుగా దాన్ని ఒడ్డు మీంచే చూస్తున్నా. ఎక్కించిన వాళ్లు లేరు." ఎవరితోనో ఇటాలియన్‌లో ఏదో అని మళ్లీ వచ్చింది. "రాసెయ్. మా మఠం మదర్‌తో నేను మాట్లాడతా. ఆవిడకి నీ కారప్పొడి తే."

"కారప్పొడి ఇక్కడ గార్డు పట్టుకున్నాడే."

"అయితే దేవుడే కాపాడాడు ఆవిణ్ణి."

'పడవలో రెండు సీట్లు. ప్రయాణికులు: నేను, నా చెల్లెలు సిస్టర్ రోజలిన్. ఆమెకి చూపు తగ్గుతోంది. ఆమెని చూడటానికే ఈ ప్రయాణం.' అంతవరకూ అందరూ నాకిచ్చిన సలహా ఒకటే: టూరిస్టునని చెప్పు, చెల్లెలి ఊసెత్తకు, ఎత్తితే ఆశ్రమం నుంచి ఇన్విటేషన్ లెటర్ అడుగుతారు. నిజం రాయమన్నది ఆ కిటికీ అమ్మాయి ఒక్కతే.

పదకొండూ పదికి కాగితం ఇచ్చాను. చదివింది. ఆశ్రమం అడ్రసు, ఫోన్ నంబరు కూడా రాయమంది, రాశాను. పాస్‌పోర్టు తీసుకుని రసీదు ఇచ్చింది. "నిర్ణయం నాది కాదు మేడమ్, నేను పంపుతానంతే" అంది. ఆ మాటకి ఏ అర్థం చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు. ఒట్టి రసీదుతో బయటికి వస్తుంటే సంచి తేలిగ్గా ఉండి భయం వేసింది.

గార్డు డబ్బా తిరిగి ఇచ్చాడు. నాలుగు ఇడ్లీలూ ఉన్నాయి. లెక్కపెట్టినందుకు సిగ్గుపడ్డాను.

12:40 రైలు. మళ్లీ పైన ఒంటి సీటు. మధ్యాహ్నం కాబట్టి పెట్టె సగం ఖాళీ. ఇడ్లీలు చల్లబడ్డాయి, అయినా తిన్నాను, దేవునికి స్తోత్రం చెప్పి మరీ తిన్నాను. పాత మూడో పేజీ సంచిలోనే ఉంది. పారేయబుద్ధి కాలేదు. తిప్పి చూస్తే వెనకవైపు చిన్న అక్షరాలతో ఒక వాక్యం: 'రేవు దగ్గర ఎడమనుంచి రెండో బెంచీ. నీడ ఉంటుంది. స్టెల్లాకి ఎండ పడదు.'

1:36కి షామ్‌బర్గ్‌లో దిగాను. జోసెఫ్ కారుకి పక్కన ఇంకో కారు. వరప్రసాద్ గారు లంచ్ టైమ్‌లో వచ్చేశారు. చేతిలో కొత్తగా ప్రింట్ తీసిన ఫైలు. అవసరం లేదన్నా తెచ్చారు.

"తీసుకున్నారాక్కా?"

"తీసుకున్నారు. రెండు వారాల్లో చెప్తారుట." ఆయన మొహంలోకి ఆ రోజే మొదటిసారి సరిగ్గా చూశాను. "వీసా వస్తే మీకు ఏం తేనండీ?"

"ఏమీ వద్దక్కా. ఆ రెండో బెంచీ ఇంకా ఉందో లేదో చూసి చెప్పండి. మ్యాప్‌లో బొమ్మ పాతది."

ఇది రాసేనాటికి వీసా సంగతి తెలియలేదు. వస్తే చిట్టి కుడి కంట్లో పడతాను, రాకపోతే దేవుడి చిత్తమని కూర్చుంటాను. ఇంత దూరం నడిపించినందుకే ఆయనకి కృతజ్ఞతలు. షికాగో వెళ్లి వచ్చే ఈ ఒక్కపూట ప్రయాణంలో నేను అనుమానించని మనిషి లేరు. రైల్లో పెద్దావిడ, గార్డు, కిటికీ అమ్మాయి, ఆఖరికి నాకోసం రాత్రి కూర్చుని రైళ్లు వెతికిన మనిషి. వాళ్లలో ఒక్కరు కూడా నాకు కీడు చేయలేదు. రేపు మళ్లీ అనుమానించనని మాట ఇవ్వలేను, నా స్వభావం నాకు తెలుసు.

చదివేవాళ్లకి ఒక మనవి. మీలో చాలామంది దగ్గర ఆ ప్లాన్ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆ సరస్సుకి వెళ్లినప్పుడు రేవు దగ్గర ఎడమనుంచి రెండో బెంచీ మీద కాసేపు కూర్చోండి. కూర్చున్నంతసేపు, మనందరినీ అక్కడికి పంపి తాను ఇక్కడే ఉండిపోయిన వరప్రసాద్ గారిని మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.