సాలు విడిచి సాలు

ఆ రోజుల్లో అత్తతో తగువు పెట్టుకోవడానికి పెసర చేనుకన్నా అనువైన చోటు ఉండేది కాదు. నిజాం కాలం. కామారెడ్డి దగ్గరి పుట్టింటి నుంచి ఎల్లారెడ్డికి కాపురానికొచ్చిన మొదటి ఏడు. మాకు బావి లేదు. ఉన్న ఒక్క రేగడి చేలో వానకు పెసలు పండితేనే ఏడాదంతా ఇంట్లో పప్పు ఉడికేది. తొలకరికి మామ నాగలి కట్టాడు. వెనక సాళ్లలో గింజలు విడవడం ఆడవాళ్ల పని. అత్తమ్మ ప్రతి సాలులోనూ ఒత్తుగా వేసేది. మా పుట్టింట్లో సాలు విడిచి సాలు, పలచగా వేసేవాళ్లం. ఆ మాట నోరుజారి అనేశాను. (కొత్త కోడలికి అది చిన్న సాహసం కాదు.)

“మీ తల్లిగారింట్ల గింజలకు కరువా, పిల్లా?” అంది అత్తమ్మ.

ఇద్దరి మధ్య నలగలేక మామ చేను నడుమ గట్టు పెట్టి, ఎవరి సగం వాళ్లను విత్తుకోమన్నాడు. మొలకలొచ్చాక అత్తమ్మ సగం పచ్చగా పరుచుకుంది. నా సగం చూసి, పశువులు గాని పడ్డాయా అని దారినపోయేవాళ్లు అడిగారు. తీరా పూతవేళకు వాన ముఖం చాటేసింది. ఒత్తుగా ఉన్న మొక్కలు ఉన్న కాస్త తడికోసం పోటీపడి వాడిపోయాయి. నావి కొమ్మలేసి కాయలు కట్టాయి. ఆ ఏడాది నా పప్పే తిన్నాం. నేను గిన్నె కాస్త ఎత్తిపట్టి వడ్డించేదాన్ని. ఉప్పెక్కువైందని అత్తమ్మ రోజూ అనేది.

మరుసటి ఏడు నాకు జాలేసింది. ఈసారి ఆమె మాటే నెగ్గనిద్దామని, ఆమె పద్ధతిలోనే ఒత్తుగా వేశాను. ఆమె పొద్దున్నే తన సగం ముగించి వెళ్లిపోయింది కాబట్టి ఎలా వేసిందో నేను చూడలేదు. మొలకలొచ్చాక ఇద్దరం గట్టు మీద నిలబడి తెల్లబోయాం. ఆమె సాలు విడిచి సాలు వేసింది!

“నువ్వేంది, గింత ఒత్తుగ ఏసినవ్?”

“నీ మాటే నెగ్గాలని, అత్తమ్మా.”

“నేనేమో నీ తీరే మంచిదని నేర్చుకుంట ఏస్తి.”

(రెండూ ఎరిగిన మామ ఎడ్ల వెనక తల తిప్పుకుని నవ్వుకుంటున్నాడు.) ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. ఆమె సాళ్ల మధ్య ఖాళీలన్నీ కలుపు ఆక్రమించింది. నా చేను నేల కనబడకుండా కమ్ముకుని విరగకాసింది. అత్తమ్మ రెండు సగాలనూ చాలాసేపు చూసింది.

“వాన మీ తల్లిగారి దిక్కు చుట్టమా ఏంది?” అని ముందు తనే నవ్వింది. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆ గట్టు మీదే.

ఇప్పుడు నేనూ అత్తనే. ఎంత ఎడంగా వేయాలని తొలకరికి కోడలు అడుగుతుంది, నేను గట్టిగా ఏదో చెబుతాను. ఆమె వినయంగా తలూపి, తన ఇష్టమొచ్చినట్టే వేస్తుంది. రెండు వానాకాలాలకే సేద్యమంతా తెలిసిపోయిందనుకున్న ఆనాటి పిల్ల గుర్తొచ్చి, గట్టు దిగి ఇంటిదారి పడతాను.