ఫొటోల నడుమ గల్లీ

మా ఎదురింటి పెద్దవ్వ పోయింది. ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున చెన్నూరు నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, అవ్వ పోయింది. చర్చికి పోదామని చీర కట్టుకున్నది, మంచం మీద కూసున్నది, గట్లనే ఒరిగింది" అని ఏడ్చింది. నాకు వెంటనే నా వెబ్‌సైట్‌లో ఆమె కోసం ఖాళీగా ఉంచిన గడి గుర్తుకొచ్చింది.

అదేమిటో తెలియాలంటే ముందు మా లైను సంగతి చెప్పాలి. బెల్లంపల్లిలో బొగ్గు బాయి పనివాళ్ల క్వార్టర్లు. ఎదురెదురుగా రెండు వరుసలు, మధ్యలో గల్లీ. ఆమె తలుపు తీస్తే మా తలుపే. ఆమె పెనిమిటి, మా బాపు ఒకే షిఫ్టులో బాయి దిగేవాళ్లు. నన్ను కన్న మా అవ్వకూ పెద్దవ్వకూ చుట్టరికం లేదు, వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేము గుడికి పోయేవాళ్లం. అయినా పొద్దస్తమానం ఎవరి గడపలో వాళ్లు కూర్చుని గొంతెత్తి మాట్లాడుకునేవాళ్లు. "ఏం కూరనే?" అని ఇటునుంచి మా అవ్వ. "నీకు వెట్టేది కాదు తియ్యి!" అని అటునుంచి పెద్దవ్వ. గల్లీలో పోయేవాళ్లు ఆ మాటల మధ్యనుంచే నడిచి పోవాలి.

బాయి మూతపడ్డాక పనివాళ్లంతా బదిలీల మీద తలా ఒక ఊరు పోయారు. ఖాళీ క్వార్టర్లను కూలగొట్టారు. పెద్దవ్వ బిడ్డ దగ్గరికి చేరింది. నేను కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతూ స్థిరపడ్డాను. మా అవ్వ చనిపోయిన ఏడాది, దిగులు తట్టుకోలేక, లైను వాళ్లందరి పాత ఫొటోలు అడిగి తెప్పించి నా వెబ్‌సైట్‌లో ఒక పేజీ చేశాను. చిట్టి చిట్టి ఫొటోలు వరుసగా కనిపిస్తాయి, దేన్ని ముడితే అది తెర నిండా పెద్దదవుతుంది. భలే కుదిరిందని మురిసిపోయి, చూపిద్దామని చెన్నూరు వెళ్లాను.

పెద్దవ్వ అద్దాలు పెట్టుకుని నా ఫోను చూసింది. మెచ్చుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"గిదేంది కొడుకా, ఫిట్టరాయనను తెచ్చి కుట్టుమిషనామె పక్కన కూసుండవెట్టినవ్? ఎవలిల్లు ఏడుండెనో మర్సినవా?"

"రంగులు కలుస్తయని అట్ల పెట్టిన పెద్దవ్వా."

"రంగులేం జేసుకుంటవ్? ఎవల పక్కపొంటి ఎవలుండిరో గట్లనే పెట్టు. మల్ల నడుమ గల్లీ ఏది? జనం ఎట్ల నడువాలె?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

ఇంటికొచ్చి పేజీ మొత్తం విప్పి మళ్లీ చేశాను. ఎడమన ఒక వరుస, కుడిన ఒక వరుస, మధ్యలో తెల్లటి ఖాళీ. కంప్యూటర్‌లో బాగానే ఉండేది కానీ ఫోనులో వరుసలు చెదిరి ఫొటోలన్నీ ఒకదాని కింద ఒకటి పడేవి. "మల్ల కూలగొట్టినవారా మన లైను?" అని పెద్దవ్వ ఫోన్ చేసింది. ఆ మాట గుండెకు తగిలింది. ఏ తెర మీదైనా గల్లీ నిలిచేదాకా ఆ పని వదల్లేదు. నా చదువుకు అంత గట్టి పరీక్ష ఇంకెవరూ పెట్టలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున ప్రార్థన కాగానే ఆమె ఆ పేజీ తెరిచేదట. ఇంటింటి ముందు ఆగి పలకరించేదట. ఏ ఫొటోనూ పెద్దది చేయనిచ్చేది కాదు. మనవరాలు ఒకసారి ముట్టబోతే చెయ్యి మీద ఒక్కటేసింది. "పెద్దగ జేస్తె ఒక్కలే ఉంటరు, మిగిలినోల్లు పోతరు. చిన్నగనే ఉండనియ్యి, అందరుంటరు."

అందులో ఆమె ఫొటో మాత్రం లేదు. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. "నేను గూడ అండ్ల కూసుంటె మిమ్ములను సూసేదెవలురా? నా జాగ నాకుంచు. నేనే వస్త." అందుకే మా అవ్వ ఫొటోకు ఎదురుగా ఆమె గడిని ఖాళీగా వదిలాను. అది ఖాళీగా ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. పెద్దవ్వ క్షేమంగా ఉన్నట్టే కదా.

చెన్నూరులోనే సమాధి చేశాం. పాస్టరు గారు వాక్యం చదువుతుంటే మా లైను వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి నిలబడ్డారు. ఆధార్ కార్డు ఫొటోను పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. అందులో ఆమె పరాయి మనిషిలా బిగుసుకుని ఉంది. ఆ పక్కన ఎవరూ లేరు. నాకు ఏడుపు ఆగలేదు.

బయల్దేరేటప్పుడు బిడ్డ ఒక పాత క్రిస్మస్ ఫొటో చేతిలో పెట్టింది. "మంచిగ రాలే అన్నా. అవ్వ పక్కకు సూస్తున్నది. నడుస్తదా?" కొత్త చీరలో పెద్దవ్వ తన గడపలో నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో పిలిచినట్టున్నారు, ముఖం అటు తిప్పి ఏదో జవాబు చెబుతోంది.

ఇన్నాళ్లూ ఫొటో ఇమ్మని సతాయించినవాణ్ణి, తీరా చేతికొచ్చాక పెట్టలేకపోయాను. పెడితే ఆమె పోయిందని నేనూ ఒప్పుకున్నట్టే. రోజూ పేజీ తెరవడం, ఆ ఖాళీని చూసి మూసేయడం. కానీ జాగ ఉంచమన్నది ఆమే కదా.

నిన్న పెట్టాను. ముఖం సరిగ్గా చూద్దామని వేలు ఫొటో దాకా పోయింది, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. గోరంత ఫొటోలో ఆమె కళ్లు కనిపించవు. మెడ తిరిగి ఉండటం మాత్రం తెలుస్తుంది. పెద్దవ్వ గల్లీకి అవతల ఉన్న మా అవ్వను చూస్తూ ఏదో అంటోంది.