బూడిద అద్దిన రొట్టె

డెబ్బైలలో నేను గల్ఫ్ ఎడారిలో ఇబ్రి అనే ఊరి దగ్గర ఒక రోడ్డు సైట్‌లో మెస్ వంటవాణ్ని. ఇరవై ఎనిమిది మందికి రెండు పూటలా వండిపెట్టేవాణ్ని. సగం మంది మా కరీంనగర్ దిక్కువాళ్ళు, సగం మంది హైదరాబాద్ సాయిబులు. ఇంజనీరు ఒక్కడే తెల్లవాడు. ఏళ్ళ తరబడి మనవాళ్ళతో పనిచేసి హిందీని విరిచి విరిచి మాట్లాడేవాడు.

ఒక ఆగస్టులో ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. బిడ్డ నీళ్ళ విరేచనాలతో పోయిందనీ, పూడ్చిపెట్టామనీ, రంధి పెట్టుకోవద్దనీ బావమరిది రాశాడు. ఎనిమిది నెలల పిల్ల. ఉత్తరం చేరేసరికే ఇరవై రోజులు దాటింది. చదివి, మడిచి, బియ్యం బస్తా మీద పెట్టి, పప్పు కడిగాను. ఆ పూట కూర బాగుందని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ చుట్టూ కూర్చుని నా మొహం చూస్తారు. చూడడానికి అక్కడేముంది? నాకు ఏడుపు రాలేదు. ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అని చూశాను. రాకపోయేసరికి భయం వేసింది. కన్నతండ్రినేనా అని నా మీద నాకే అనుమానం పుట్టింది.

అలా తొమ్మిది రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం ఇంజనీరు డ్యూటీ దిగి వంటింటికి వచ్చాడు. సాయంత్రం తనకు భోజనం పంపొద్దన్నాడు. ఒక పచ్చి గుడ్డు, పొయ్యిలోంచి కాస్త బూడిద ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఆయన అటు వెళ్ళగానే రొట్టెలు చేసే సాయిబు, "సాబు బర్తన్‌లు తోముకుంటడేమో!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వడం మాత్రం మామూలుగానే వచ్చేది.

పొద్దు వాలుతుండగా నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోతూ ఆయన రూమ్‌లోకి చూశాను. తలుపు తెరిచే ఉంది. మంచం, కుర్చీ ఉండగా ఆయన నేల మీద కూర్చున్నాడు. ముందు పళ్ళెంలో తనే ఉడకబెట్టుకుని ఒలిచిన గుడ్డు, ఒక రొట్టె, నేనిచ్చిన బూడిద. రొట్టె ముక్క తుంచి బూడిదలో అద్ది నోట్లో పెట్టుకుంటున్నాడు.

ఇంకేముంది, ఈయన ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను. మా దిక్కు చావింట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగు వాళ్ళే వండి తెచ్చి, వద్దంటున్నా బతిమాలి నాలుగు ముద్దలు తినిపిస్తారు. ఆ ఎడారిలో ఆయనకు పొరుగు అంటే నేనే. గబగబా అన్నం, పప్పు, వంకాయ కూర గిన్నెల్లో పెట్టుకుని వెళ్ళాను.

"తినుండ్రి సాబ్. కడుపు మాడ్చుకుంటే పోయినోళ్ళు తిరిగొస్తరా?"

ఆయన గిన్నెలను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎవరూ పోలేదు. ఇద్దరమే కదా, పర్వాలేదు, కూర్చో."

తను యూదుడట. ఈ సంగతి ఇక్కడ ఎవరితోనూ అనొద్దన్నాడు. వాళ్ళ గుడి రెండు వేల ఏళ్ళ కింద ఇదే తిథిన కూలిపోయిందట. ఆ దుఃఖానికి ఈ పొద్దు గుంకినప్పటి నుంచి రేపు చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరట. అంతకు ముందు తినే ఈ తిండికీ కట్టుబాట్లున్నాయి. వండినది ఒక్కటే ఉండాలి, అందుకే గుడ్డు. నేల మీద కూర్చోవాలి. ముగ్గురు కలిసి తినకూడదు. ముగ్గురైతే కలిసి దేవుణ్ణి స్తుతించాలట, ఈ పూట అలాంటి పొత్తు పనికిరాదట. నేను తెచ్చినవేవీ ఆయన ముట్టడానికి లేదు.

నాకు ఒళ్ళు మండింది.

"రెండు వేల ఏండ్ల కింద కూలిన గుడికి ఇయ్యాల బూడిద తింటున్నరా సాబ్? నా బిడ్డ సచ్చిపోయి నెల అయింది. నేను రోజు కూరలు వండుకొని కడుపు నిండ తింటున్న!"

ఆయన చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "తెలిసిన రోజు నీకు అన్నం ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

"వంటోణ్ని నేనే. నాకెవరు పెడ్తరు?"

"మాలో దుఃఖంలో ఉన్నవాడు మొదటి పూట సొంత తిండి తినకూడదు. పొరుగువాడు పెట్టాలి. అదీ గుడ్డే పెడతారు." అంటూ పళ్ళెంలోని గుడ్డు తీసి నా చేతిలో పెట్టాడు.

అది ఇచ్చేస్తే ఆయనకు మిగిలేది బూడిద అద్దిన రొట్టె. తెల్లారితే ఆగస్టు ఎండలో, నీళ్ళు లేకుండా సైట్‌కు పోవాలి. అది తెలిసి కూడా వద్దనలేదు. తీసుకుని కొరికాను. చల్లారిన గుడ్డు, ఉప్పు కూడా లేదు.

"పిల్ల ఎట్లా ఉండేది?" అన్నాడు.

"నేను చూడలె సాబ్," అన్నాను. "నేను ఇటొచ్చినంక పుట్టింది."

ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. గుడ్డు మింగుడు పడలేదు, ఉమ్మడానికి మనసు రాలేదు. నోట్లో అది అట్లా ఉండగానే, ఆ నేల మీద, ఏడ్చాను.