తగ్గిన జాడీ

పోయిన శుక్రవారం ఈ అరబ్బు దేశంలో, మహబూలాలోని మా గదిలో ఉండే రాయచోటి తమ్ముడు లాండ్రీ నుంచి వచ్చిన చొక్కాను ట్యూబ్‌లైటు కింద పట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, "న్నా, లాండ్రీవాడు నా చొక్కా మార్చేసినాడున్నా. ఇది యా పిల్లోనిదో," అన్నాడు. వేడినీళ్ళకు తగ్గిందిలేరా అని చెప్పబోయి, నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడ్డాను. నవ్వింది వాణ్ణి చూసి కాదు. వాడికంటే పెద్ద తెలివితక్కువవాడొకడు కొన్నేళ్ళ కిందట ఎగైలాలో ఒక ఇంట్లో కారు నడిపేవాడు. ఆ డ్రైవరు ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇప్పటికీ నా జేబులోనే ఉంది.

ఆ ఇంటావిడను అందరం మామా అనేవాళ్ళం, ఇక్కడ అమ్మ అని అర్థం. నా వీసాకి పూచీపడ్డ కఫీల్ కూడా ఆవిడే. వెనకగదిలో చక్రం పెట్టుకుని తెల్లటి పింగాణీ పాత్రలు చేసేది. పాత్రలంటే వండుకునేవో తినేవో అనుకునేరు. వాటికి పువ్వుల్లేవు, గీతల్లేవు, పట్టుకుందామంటే పిడుల్లేవు. ఒకటి పక్కింటివాళ్ళ మాటలు వింటున్నట్టు ఒక వైపుకి ఒరిగి ఉండేది. ఇంకొకటి ఎంత పలచనంటే, కిటికీ దగ్గర పెడితే అవతలున్న నా వేళ్ళ నీడలు ఇవతలికి కనిపించేవి. ఇది కొత్త తరహా కళ అని, చూడటానికే తప్ప వాడటానికి కాదని మామా చెప్పేది. "మజ్జిగ పోస్తే నిలవనిది పాత్రేంటండీ," అనేది వంటింటి అక్క. ఈవిడది గోదావరి వైపు, నాకంటే చాలా ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది. ఇక ఆ పాత్రల కథలో నా పాత్ర మోత మాత్రమే.

ఆరబెట్టిన పచ్చి గిన్నెల్ని షువైఖ్‌లో ఒక ఈజిప్టాయన నడిపే పెద్ద బట్టీకి తీసుకెళ్ళి, కాలాక తిరిగి తేవాలి. అంతవరకు నేనెరిగిన బట్టీ బళ్ళో ఎక్కాలు పట్టినదే, అదీ సరిగా పట్టుబడలేదు. స్పాంజి పరిచిన అట్టపెట్టెలో గిన్నెను బిగుతుగా కూర్చోబెట్టి, సీటు బెల్టు కట్టి, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి పోయేవాణ్ణి. మొదటిసారి తిరిగి తెస్తుంటే వెనక సీట్లో టకటకమని చప్పుడు. ఆపి చూశాను. అదే వంపు, అదే ఒరుగు, కానీ గిన్నె చిన్నది. పక్కన నా వేళ్ళు దూరేంత ఖాళీ.

ఈజిప్టాయన మార్చేశాడనుకున్నాను. పెద్దది ఉంచుకుని, అచ్చం అలాంటి చిన్నది అంటగట్టాడు. మామాకి చెబుదామంటే, దారి పొడవునా ఉన్నది గిన్నె, నేనూ. దొంగ అన్న మాట నా మీద పడిందా, ఇఖామా ఖలాస్, నేనూ ఖలాస్. మామా గిన్నెను చేతిలోకి తీసుకుని ఏమీ అనకపోవడం ఇంకా భయపెట్టింది. కనిపెట్టలేదా, కనిపెట్టి నా మీద ఓ కన్నేసి ఉంచిందా? చివరికి అక్కకొక్కదానికే చెప్పాను. "పోయేటప్పుడు ఇరుక్కోని పోయింది, వచ్చేటప్పుడు కొట్టుకోని వచ్చిందక్కా."

అక్క గరిటె పక్కన పెట్టి, చాలా శ్రద్ధగా విన్నది. "ఔనా భాయ్‌గారూ? అయితే మార్చేసే ఉంటాడండీ. ఈసారి అడుగున ఏదన్నా గుర్తెట్టండి, దొరికిపోతాడు."

పెట్టాను. మేకుతో నా పేరు మొదటి అక్షరం గీశాను. బట్టీ కాలి చల్లారేదాకా, వీలు చిక్కినప్పుడల్లా ఆ వీధిలో కారాపి, వచ్చిపోయేవాళ్ళ సంచులు ఎంతెంత ఉన్నాయో చూశాను. ఈజిప్టాయన పాపం టీ ఇచ్చాడు. అందులో ఏం కలిపాడోనని తాగలేదు. గిన్నె చేతికి రాగానే తిరగేసి చూశాను. నా అక్షరమే, నా వంకరే. కానీ అదీ చిన్నదయింది. గిన్నెతోపాటు నా చేతిరాతను కూడా దొంగిలించాడంటే వీడు మామూలువాడు కాదనుకున్నాను.

ఇక దాచలేక పెట్టెతో సహా మామా ముందు నిలబడి, వచ్చిన అరబీ, రాని అరబీ కలిపి మొత్తం చెప్పాను. ఆవిడ గిన్నెను తిప్పి ఆ అక్షరాన్ని చూసింది. నాకు ఎయిర్‌పోర్టు కనిపించింది. ఆ తర్వాత ఆవిడ లేచి, ఆరుతున్న గిన్నె ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టింది. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. "షూఫ్. మాయ్ ఖలాస్, సగీర్." మాయ్ అంటే నీళ్ళు. నీళ్ళు పోయి, మంటకు మట్టి దగ్గరపడి, గిన్నె చిన్నదవుతుందట. మాయ్ మాయం, నా పరువూ మాయం. తలుపు దగ్గర అక్క చున్నీ నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. మొదటి నుంచీ ఆవిడకు తెలుసు.

ఆ రోజు నుంచి నా పేరు సీఐడీగారు. "సీఐడీగారూ, టీ తాగండి. కప్పు నిన్నటిదో కాదో కొలుచుకోండి," అని అందించేది. ఆవిడ చాడీలు చర్చి దాకా పాకాయి, ముక్కూమొహం తెలియని నర్సమ్మలు కూడా నన్ను చూసి నవ్వేవాళ్ళు.

చాడీలు మోసిన అక్కకే ఒకనాడు జాడీ కావలసి వచ్చింది. ఊరి నుంచి వచ్చే ఆవకాయకి ఒకటి చేసిపెట్టమని మామాని అడిగి, కొలత నా చేతికిచ్చి పంపింది. పిడికిలి చుట్టూ చుట్టి ముడేసిన దారం అది. "మూతిలో చెయ్యి దూరాలండి. అడుక్కొచ్చాక వేడన్నం అందులోనే ఏసి కలుపుకుంటే ఆ రుచే వేరు." మామా దారం అందుకుని, కాలితే తగ్గేది కూడా కలిపిందా అని అడిగింది. అక్కను అడక్కుండానే కలిపింది అన్నాను.

జాడీ వచ్చింది. మామా చేసినవాటిలో ఎటూ ఒరగకుండా నిలబడింది అదొక్కటే. అక్క చెయ్యి మణికట్టు దాకా కూడా పోలేదు, కణుపుల దగ్గరే ఆగిపోయింది. జాడీని చూసింది, నన్ను చూసింది.

"ఇది ఎవరో మార్చేశారు భాయ్‌గారూ."

"అడుగున గుర్తు పెట్టినావా అక్కా?" అన్నాను.

నాది సన్నటి చెయ్యి. ఆవకాయ అడుక్కు వచ్చిన ప్రతిసారీ ఆ జాడీలో అన్నం కలిపే పాత్ర నాదే, మొదటి ముద్దా నాదే. అక్క ఇప్పుడు బ్నీద్ అల్ గార్‌లో ఇంకో ఇంట్లో పనిచేస్తోంది. ఫోన్ చేస్తే కాఫీ చెంచాతో గీక్కుంటున్నానని నన్ను తిట్టాకే క్షేమం అడుగుతుంది. ఆ రోజు ఎయిర్‌పోర్టంత ఉన్న నా భయం ఇవాళ అరచేతిలో ఇమిడిపోతోంది. కాలంలో కాలినది ఏదైనా తగ్గుతుంది కాబోలు. కానీ గోటితో మీటి చూస్తే ఇప్పటికీ ఖంగుమంటోంది.