ఇరవయ్యొక్క పుంజాల మీద ఒక పోగు

1968 వేసవిలో శృంగవరపుకోట దగ్గరి ఒక చేనేత సంఘంలో నన్ను పడుగు మేస్త్రిగా వేశారు. పడుగంటే బట్టలో నిలువునా పోయే నూలు. దాన్ని ఆసు అనే మేకుల చట్రం మీద పోయించి, పోగులు లెక్కచూసి, మగ్గానికి అప్పగించడం నా పని. చదువంటారా, నాలుగో తరగతితో సరి. మా లెక్కంతా పుంజాల్లో. పుంజానికి నూటఇరవై పోగులు.

డిజైను మాస్టారిది విజయనగరం. నమూనా బట్టకి ఇరవయ్యొక్క పుంజాలు పెట్టమన్నారు. అంటే రెండువేల అయిదువందల ఇరవై పోగులు. ఒకటి నుంచి పది దాకా ఏ అంకెతో భాగించినా శేషం రాని సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా చిన్నదట. పువ్వు పది పోగుల లోపు ఎంతదైనా ఈ అంచు నుంచి ఆ అంచుకి సరిగ్గా అమరుతుంది.

ఆ పడుగు సూరయ్య అనే కుర్ర నేతగాడిది. సొంత మగ్గం అతనికి అదే మొదలు. సాయంత్రం చేనేత శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పడుగు మగ్గమెక్కకపోతే ఆ మగ్గం వేరొకరికి పోతుంది. పువ్వు ఎనిమిది పోగులది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఎనిమిదేసి పోగులు కుచ్చులు కట్టారు. చివర ఒకటి మిగిలింది. కుచ్చు ఎక్కడో తప్పిందనుకుని, సరిచూడ్డానికి తొమ్మిదేసి కట్టించాను. ఒకటి మిగిలింది. ఏడేసి కట్టినా ఒకటే.

"మేస్త్రీ, దీనికేటి నా మీద పగా?" అన్నాడు సూరయ్య, చేతిలో ఆ పోగుతో.

"పుంజాలన్నీ నా కళ్లతో సూసినాన్రా. లెక్క తప్పనేదు," అన్నాను.

మాస్టారు బొగ్గుతో గోడ మీద చాలాసేపు భాగహారాలు చేశారు. ఇక్కడున్నవి ఒకటెక్కువ, రెండువేల అయిదువందల ఇరవయ్యొకటి, అన్నారు. ఆ సంఖ్య ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదట. ఎలా కట్టినా సరిపడదన్నమాట.

అప్పుడు సూరయ్య తల్లి పైడమ్మ నోరు విప్పింది. ఆసు పోసింది ఆవిడే.

"ఒకటి నానే కలిపినానయ్యా, నువ్వు లెక్కసూసి లేసిపోయాక. సుబమా అని పిల్లడి మొదటి మగ్గం. పెళ్లిలో నూటపదార్లు సదివిస్తారు గానీ ఒట్టి నూరు సదివిస్తారేటి?"

"ఓలమ్మా! పొద్దున్నే సెప్పకపోనావా!" అని సూరయ్య నెత్తి పట్టుకున్నాడు.

"నువ్వడిగినావేటి? తీసీమంటే తియ్యను. మగ్గానికి కీడు."

మాస్టారు నవ్వి, ఇక మేస్త్రిగారే చూడాలన్నారు. అంచు తెగకుండా చివరి పోగుల్ని జంటగా, దువ్వెనలాంటి అచ్చులోకి తీయడం మా పనిలో మామూలే. పైడమ్మ పోగుని అంచు పోగుకి జోడు చేశాను, రెండూ ఒక్క పోగు కిందే లెక్క. పువ్వు లెక్కకి ఇరవయ్యొక్క పుంజాలే మిగిలాయి. ఇన్‌స్పెక్టరు భూతద్దం పెట్టి అంచులు రెండూ చూసి మగ్గం రాసిచ్చారు.

తర్వాత పడుగు లెక్క తేలనప్పుడల్లా, మళ్లీ లెక్కపెట్టే ముందు ఆసు పోసినవాళ్లని అడిగేవాణ్ణి. కుచ్చులు కట్టడంలో చెయ్యి తప్పితే మిగులు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఎన్నేసి కట్టినా అదే మిగిలితే, దాన్ని ఎవరో కావాలని వేశారన్నమాట.