ఎదురుకాళ్ల సూర్యకాంతమ్మ

సూర్యకాంతమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది, తలకంటే ముందు కాళ్లొచ్చాయి. అలా పుట్టినవాళ్లు తంతే నడుంపట్టు వదులుతుందని నమ్మకం. జాలారిపేటలో ఎవరికి నడుం పట్టేసినా పొద్దున్నే వచ్చి ఆమె గుమ్మంలో బోర్లా పడుకునేవారు. ఆమె మెల్లగా ఓ తాపు తన్నేది. పెద్దవాళ్లయితే తన్నాక దండం పెట్టేది. ఆస్పత్రుల్లో కడుపు కోసి బిడ్డని తీసే రోజులొచ్చాక పేటలో ఎదురుకాళ్ల పిల్లలే లేకుండా పోయారు. మిగిలింది ఆమె ఒక్కతే.

చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కంచరపాలెం వీధులన్నీ తిరిగిన ఆ నడుమే చివరికి పాడైంది. ఊరందరి నడుములు తన్నితే ఏం లాభం, తన కాలు తన నడుముకి అందదు కదా! నరం నొక్కుకుపోయిందన్నాడు డాక్టరు. పైకి కట్టు లేదు, పుండు లేదు. "కూకుంటే బాగానే ఉంటాది, లెగమంటేనే నొప్పి," అని కోడలు గౌరీశ్వరి పక్కింట్లో అంటుంటే వింది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రాదు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది, అంతే. తన్నించుకోడానికి ఎవరైనా వస్తే తానింకా పనికొస్తున్నట్టే అనుకునేది. ఈమధ్య ఎవరూ రావడం లేదు.

ఓ పొద్దున్న వరహాలు వచ్చాడు. హార్బర్లో బోట్లకి ఐసు మోసే మనిషి. గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో బోర్లా పడ్డాడు.

"పిన్నీ, ఓ తాపు తన్నీ."

"నాను లెగలేనురా."

"నువ్వు కాపోతే ఇంకెవులున్నారు?"

ఆ మాటకి లేచింది. ద్వారబంధం పట్టుకుని కాలెత్తబోయింది. జానెడు కూడా లేవలేదు. గౌరీశ్వరి గరిటెతో వచ్చి చూస్తూ నిలబడింది. వరహాలు పళ్లు బిగబట్టి చెయ్యి వెనక్కి చాపాడు. ఆమె మడమ పట్టుకుని తన నడుం మీద తానే పెట్టుకున్నాడు.

సూర్యకాంతమ్మ కిందికి చూసింది. చూస్తేగాని కాలు ఎక్కడుందో తెలియలేదు. వాడి ఒంటి వేడి తగల్లేదు, చెమటా తగల్లేదు.

"తన్నీసేనురా," అంది.

వాడు లేచి, "తగ్గిపోనాది పిన్నీ!" అని గౌరీశ్వరికి వినబడేలా అరిచి వెళ్లాడు.

"సూసినావేటే?" అంది కోడలితో.

గౌరీశ్వరి గరిటె కింద పెట్టి, అత్త చంక కింద చెయ్యేసి కుర్చీలో కూర్చోబెట్టింది. సందు మలుపులో వరహాలు నడుం పట్టుకుని గోడకి ఆనుకుపోయాడు. అత్తాకోడళ్లిద్దరూ చూశారు.

"ఒక్క తాపుతో ఎక్కడ పోద్దే," అంది సూర్యకాంతమ్మ. "రేపూ రమ్మను ఆడిని."